ఓపల్ చేతికి సరిపడే పిడి

శనివారం నుంచి తను కూడా పిస్టల్ పేల్చడం నేర్చుకోబోతున్నానని ఓపల్ చెప్పినప్పుడు, ఆర్డిత్ కాఫీ కప్పు పెదాల దాకా తెచ్చి మళ్ళీ దించేసింది. నిజానికి సంతోషపడాల్సిన మాట. ఆ మాట కోసం ఆమె నలభై ఏళ్ళుగా చూస్తోంది. కానీ దాని వెనకే ఇంకో మాట వచ్చి కూర్చుంది. "కెండ్రా రమ్మంది," అంది ఓపల్.

కెండ్రా అంటే హేజల్ ఫోర్క్ ఊళ్ళో పళ్ళ డాక్టరు దగ్గర పళ్ళు శుభ్రం చేసే మనిషి. నలభై కూడా నిండలేదు. పిస్టల్ నేర్పడానికి పరీక్ష రాసి సర్టిఫికెట్ తెచ్చుకుంది, శనివారాలు తుపాకుల క్లబ్బు రేంజ్‌లో, గురి పెట్టి పేల్చే మైదానంలో, ఆడవాళ్ళను పోగేసి నేర్పుతోంది. ఓపల్ నోరు తెరిచి పడుకుని ఉండగా, పళ్ళు గీకుతూ, మీరూ రాకూడదా అని అడిగిందట. నోరు తెరిచి ఉంది గనక కాదనలేకపోయానని ఓపల్ నవ్వింది.

ఆర్డిత్ కూడా నవ్వింది. మంచి పనే అంది. ఇంటికి వెళ్ళాక మాత్రం కట్టెల పొయ్యిలో అవసరానికి మించి మూడు మొద్దులు పడేసి, ఇల్లంతా ఉడికిపోతుంటే కిటికీ తీసి నిలబడింది. తను పిలిస్తే రాలేదు. ఏటా పిలిచింది. క్లబ్బు మహిళల పోటీలో కప్పు గెలిచిన ప్రతిసారీ, వచ్చే ఏడు నువ్వూ రావే అని అడిగింది. మీ క్లీటస్‌కి నచ్చదనా అని ఎత్తిపొడిచింది. వేట మగాడి పని, కేకు ఆడదాని పని అనేవాడు ఓపల్ మొగుడు క్లీటస్. ఓపల్ దానికి నవ్వేసి ఊరుకునేది. అలాంటిది ఇప్పుడు, నోట్లో అద్దం పెట్టి చూసే పిల్ల ఒక్కమాట అనేసరికి బయల్దేరింది.

సవతి పోరు పెళ్ళాల మధ్యే ఉంటుందని లోకం అనుకుంటుంది. నలభై ఏళ్ళ స్నేహంలోకి మూడో మనిషి కాలు పెట్టినప్పుడు ఆ కుంపటి ఎలా రాజుకుంటుందో ఆర్డిత్‌ను చూసినవాళ్ళకు తెలుస్తుంది.

వాళ్ళిద్దరూ కలిసింది మంచులో. అప్పట్లో ఆర్డిత్ కొత్తగా స్కూలు బస్సు తోలుతోంది. వెస్ట్ వర్జీనియా కొండల్లో ఆ దారి తెలిసినవాళ్ళకు, మగ డ్రైవర్లు ఎందుకు ఒకరి తర్వాత ఒకరు మానేశారో తెలుసు. ఒక జనవరి మధ్యాహ్నం బస్సు వాగు మలుపు దగ్గర జారి గట్టుకు ఆనుకుంది. పిల్లలెవరికీ ఏమీ కాలేదు గాని బస్సు కదలలేదు. ఎదురింటి తలుపు తెరుచుకుని ఒక చిన్న మనిషి, చేతులకు పిండితో, పిల్లలందర్నీ లోపలికి తోలింది. ఉన్న చిక్కుళ్ళ కూరలో నీళ్ళు పోసి పెంచి, మొక్కజొన్న రొట్టె విరిచి అందరికీ పెట్టింది. చివర్న ఆర్డిత్‌కు గిన్నె అడుగు మిగిలింది. "నువ్వు మాడిందే తినాలి, తోలింది నువ్వే కాబట్టి," అంది ఆ చిన్న మనిషి. ఆ రోజు మొదలు ఇద్దరూ ఒకరినొకరు ఒసే అని పిలుచుకునే దాకా వచ్చారు.

ఆర్డిత్ పెళ్ళి నిలవలేదు. పిల్లల్లేరు. బస్సు నిండా ఊరి పిల్లలున్నారు గాని, సాయంత్రానికి అందరూ దిగిపోయేవాళ్ళు. ఓపల్ ముప్పై ఏళ్ళు సూపర్‌మార్కెట్ బేకరీలో కేకుల మీద పూలు పెట్టింది, పేర్లు రాసింది. ఆ లోయలో పుట్టినరోజుకూ పెళ్ళికీ చదువు పూర్తయినందుకూ కేకు కోసిన ప్రతివాళ్ళూ ఆమె చేతిరాతను తిన్నవాళ్ళే. పోయిన చలికాలం క్లీటస్ పోయాడు. సమాధి దగ్గర ఓపల్ పక్కన నిలబడి, చేయి పట్టుకుని, ఇక ఇది పూర్తిగా నాదే అనుకుంది ఆర్డిత్. ఆ తలపు వచ్చినందుకు అక్కడే, ఆ మట్టి మీదే, సిగ్గుపడింది. సిగ్గుపడినంత మాత్రాన తలపు పోలేదు.

వసంతంలో ఎవడో ఓపల్ ఇంటి వెనక షెడ్డు తాళం విరగ్గొట్టి గడ్డికోత యంత్రం ఎత్తుకుపోయాడు. లోయ చివర ఇల్లు. షెరీఫ్ మనిషి రావాలంటే కొండ దిగి మళ్ళీ కొండ ఎక్కాలి. క్లీటస్ వేట తుపాకులు ఓపల్ భుజాన్ని కుమ్మేస్తాయి. అందుకని తనకు తగ్గ పిస్టల్ ఒకటి కొనుక్కుని, పట్టుకోవడం సరిగ్గా నేర్చుకోవాలని ఆమె తీర్మానించుకుంది. ఏది కొనాలో కెండ్రాతో కలిసి వెళ్ళి చూస్తానంది.

"కెండ్రాతోనా? ఆ పిల్ల పుట్టకముందు నుంచీ పేలుస్తున్నానే నేను," అంది ఆర్డిత్.

"నువ్వూ రా. వద్దన్నానా?"

పిలవడంలో కూడా ఆ 'నువ్వూ' ఒకటి, తను రెండో మనిషైనట్టు.

ఎల్వుడ్ కొట్లో చేపల ఎర నుంచి గొర్రెల దాణా దాకా అన్నీ దొరుకుతాయి. తుపాకులు వెనక గోడకూ, గల్లా పక్క అద్దాల పెట్టెలోనూ ఉంటాయి. కెండ్రా ముందే వచ్చి ఉంది. ఓపల్ చెయ్యి తన అరచేతిలో పెట్టుకుని, వేళ్ళ పొడవు చూసి, ఇప్పుడు అందరూ కొంటున్న కొత్త రకం పిస్టల్ ఒకటి తీయించింది. తేలిక, సన్నటి పిడి, సామాన్లు ఎక్కడైనా దొరుకుతాయని చెప్పింది. కెండ్రా మాట్లాడే తీరులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. ఆర్డిత్‌కు అదే ఎక్కువ మండింది.

ఆర్డిత్ పాత సరుకు ఉన్న అర వైపు వంగి చూసింది. అక్కడ, ఎవరో మార్చి ఇచ్చేసిన తుపాకుల మధ్య, తన దగ్గర ఉన్నలాంటిదే ఒకటి పడి ఉంది. అది కంపెనీ ఏనాడో తయారుచేయడం ఆపేసిన రకం. దాని లోపల ఉక్కు యంత్రం ఒకటుంటుంది. నంబరు దాని మీదే ఉంటుంది, చట్టం లెక్కలో తుపాకి అంటే అదే. బయట పిడితో ఉన్న ప్లాస్టిక్ ఒళ్ళు వట్టి చొక్కా. చిన్నది, మధ్యరకం, పెద్దది అని మూడు సైజులొచ్చేవి. చేతిని బట్టి ఒకటి ఊడదీసి ఇంకొకటి తొడగొచ్చు. వచ్చినప్పుడు మంచి ఉపాయమన్నారు. కానీ దాని ట్రిగ్గర్ పొడుగ్గా నిదానంగా నడుస్తుంది, గబగబా పేల్చాలనుకునే వాళ్ళకు ఓపిక చాలలేదు, కొనేవాళ్ళు తగ్గిపోయారు.

"దీన్ని ఇవ్వు ఎల్వుడ్," అంది ఆర్డిత్.

తర్వాత ఆమె చెప్పిన ప్రతిమాటా నిజం. కొత్తగా నేర్చుకునే వాళ్ళకు పొడుగు ట్రిగ్గరే క్షేమం. వేలు ఉలిక్కిపడినంత మాత్రాన పేలదు, పేల్చాలని గట్టిగా అనుకుంటేనే పేలుతుంది. మొదటి తూటాకూ పదో తూటాకూ ట్రిగ్గర్‌ది ఒకే బరువు, ఒకే నడక. కంగారులో వెతుక్కోవాల్సిన చిన్న చిన్న మీటలు లేవు. ఒళ్ళు కాస్త బరువు గనక చేతిని తన్నదు. ఎక్కడా అబద్ధమాడలేదు. చెప్పనిది మాత్రం ఒకటుంది. కంపెనీ తయారీ ఆపేసి, ఉన్న సామాన్లు అయినకాడికి అమ్మేసినప్పుడు, ఆర్డిత్ స్ప్రింగులు, తూటాలు నింపే మ్యాగజైన్లు, పిన్నులు కొని డబ్బా నింపుకుంది. ఆ కౌంటీలో ఆ సామాన్లు ఇంకెవరి దగ్గరా లేవు. ఓపల్ ఈ తుపాకి కొంటే, గోరంత స్ప్రింగు కావాలన్నా వాగు దాటి ఆర్డిత్ గుమ్మం తొక్కాల్సిందే.

కెండ్రా పిస్టల్ తీసుకుని, ఖాళీగా ఉందని చూసి, గోడవైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కింది. తల ఊపింది. "నేర్చుకునే వాళ్ళకు మంచి ట్రిగ్గరే, మిస్ ఆర్డిత్. నాకు తట్టలేదు. కానీ రేపు ఏదైనా విరిగితే?"

"విరిగితే నేను లేనా?"

"నువ్వు పోతే?" అన్నాడు ఎల్వుడ్. వాడూ ఆర్డితూ ఒకే బడి.

"నీ శవపేటిక మోసి వచ్చాకే పోతాలే."

ఓపల్ పిస్టల్ పట్టుకుని చూసింది. దానికి ఉన్నది మధ్యరకం చొక్కా. చూపుడువేలు ట్రిగ్గర్ మీదకు చేరింది గాని, కొస మాత్రమే ఆనింది. కెండ్రా అది గమనించి, పిడి కాస్త పెద్దదేమో అంది. చిన్న చొక్కా దొరకదా అని ఎల్వుడ్‌ను అడిగింది. చిన్నవి చూసి ఏళ్ళయిందన్నాడు వాడు. ఆర్డిత్ దగ్గరా చిన్నది లేదు. బస్సు చక్రం తిప్పిన చేతులు ఆమెవి, పెద్దది తప్ప ఎప్పుడూ తొడగలేదు.

"పిల్లలకు చెప్పులు ఒక సైజు పెద్దవి కొనమూ? అలవాటైపోతుంది," అంది ఆర్డిత్. అరవై నాలుగేళ్ళ చెయ్యి ఇంక పెరగదని ఆమెకు తెలియక కాదు.

ఓపల్ ముగ్గురి వైపూ చూసి, "మా ఆర్డిత్ చెప్పిందే కొంటాను," అంది. ఆ 'మా' అనే మాటను ఆర్డిత్ వారం రోజులు చప్పరించింది.

పంచుకోవడం అలా మొదలైంది. బుధవారం రేంజ్‌లో ఆర్డితూ ఓపలూ ఇద్దరే. శనివారం కెండ్రా గుంపు. బుధవారాల కోసం ఆర్డిత్ తెల్లారే లేచి మాంసం ముక్కలు కూరిన పెప్పరోనీ రోల్స్ కాల్చి, ఫ్లాస్కులో కాఫీ పోసి, చెవి మూతలు రెండు జతలు తుడిచి సిద్ధం చేసేది. ఎలా నిలబడాలో, మోచేయి ఎంత వంచాలో, ఊపిరి ఎక్కడ ఆపాలో అరటిపండు ఒలిచినట్టు చెప్పేది. చెయ్యి మీద చెయ్యేసి సరిదిద్దేది.

మొదటి బుధవారమే ఆమెకు రెండు సంగతులు తెలిశాయి. ఒకటి, ఓపల్ నొక్కుడులో కుదుపు లేదు. ముప్పై ఏళ్ళు క్రీము సంచి ఒకే బలంతో, ఆపకుండా, తొందరపడకుండా పిండి గులాబీలు పెట్టిన చేయి. ఆ పొడుగు ట్రిగ్గర్ ఆ చేతికోసమే చేసినట్టుంది. తూటాలన్నీ కాగితం మీద ఒకేచోట, జంతిక చుట్టలా గుంపుగా పడ్డాయి. ఆర్డిత్ కప్పులు గెలిచిన రోజుల్లో కూడా అంత బిగువుగా వేసిన జ్ఞాపకం లేదు. ఇప్పుడైతే మణికట్లలో వాతం, గురి వణుకుతుంది.

రెండోది, ఆ గుంపు మధ్యలో లేదు. ఎడమకు, బాగా ఎడమకు ఉంది.

దాన్ని చూడగానే అర్థం చేసుకోవడానికి పండితులక్కర్లేదు. తూటాలు చెదిరిపోతే పేల్చేవాళ్ళది తప్పు. ఒకేచోట పడుతూ పక్కకు పోతే చెయ్యి మంచిది, పిడి కుదరలేదన్నమాట. వేలు చాలక కొసతో తోస్తోంది, తుపాకి మూతి పక్కకు తిరుగుతోంది. ఆర్డిత్ ఆ కాగితం చూసి, మడిచి జేబులో పెట్టుకుని, "ఇంకా గట్టిగా పట్టుకో, వచ్చేస్తుంది," అంది.

అలా అనడానికి ఏం కారణమని ఆమెనే అడిగి ఉంటే చెప్పలేకపోయేది. మనసు అడుగున మాత్రం ఒక లెక్క నడిచింది. కుదిరిపోతే ఓపల్‌కు తన అవసరం తీరిపోతుంది. కుదరనంతకాలం బుధవారాలుంటాయి.

శనివారం అదే తూటాల గుంపు కెండ్రా ముందు పడింది. కెండ్రా చూసిన వెంటనే, "మీరు భేషుగ్గా పేలుస్తున్నారు, ఓపల్ గారూ. చొక్కా సైజే తప్పు," అందట. ఆ తర్వాతి బుధవారం ఓపల్ ఆ మాట మెరిసే కళ్ళతో తెచ్చి ఆర్డిత్‌కు చెప్పింది. తను చెప్పాల్సిన మెచ్చుకోలు ఇంకొకతె చెప్పేసింది. కాఫీ చేదుగా తగిలింది. పేల్చింది గాలి ఎక్కువున్న రోజేమో అంది ఆర్డిత్. అంత దగ్గర దూరానికి పిస్టల్ తూటాకు గాలి ఏం చేస్తుందని ఓపల్ అడగలేదు, పాపం ఆమెకు తెలియదు.

కెండ్రా ఊరుకోలేదు. మధ్యాహ్నం తిండి వేళ క్లినిక్ నుంచే ఒహాయో, కెంటకీ, పెన్సిల్వేనియా కొట్లన్నిటికీ ఫోన్లు చేసింది. ఎవరి దగ్గరా చిన్న చొక్కా లేదు. పాత తుపాకుల వాళ్ళు చేరే సంతకు వెళ్ళి వెతుకుదామంది. సంత కౌంటీ మైదానంలో, పశువుల ప్రదర్శన జరిగే పెద్ద రేకుల షెడ్డులో. ఆర్డితూ వస్తానంది. కెండ్రా ట్రక్కులో ముందు ఇద్దరూ కూర్చున్నారు, వెనక ఇరుకు సీటులో మోకాళ్ళు ముడుచుకుని ఆర్డిత్. ముందు ఏదో మాట్లాడుకుని నవ్వుకున్నారు. ఇంజను హోరులో ఆమెకు నవ్వు మాత్రమే వినిపించింది, మాట వినిపించలేదు. మనిషిని కాల్చడానికి అది చాలు.

షెడ్డు నిండా బల్లలు. కత్తులు, తోలు తొడుగులు, యుద్ధం నాటి టోపీలు, జింక మాంసం ఎండు ముక్కలు. తుపాకులన్నీ ఖాళీ చేసి, పేలకుండా కట్టు కట్టి పెట్టారు. కెండ్రా ఒక వరస, ఓపల్ ఒక వరస పట్టుకున్నారు. గోడవారగా ఉన్న వరస ఆర్డిత్‌ది.

చివరి బల్ల దగ్గర ఒక ముసలాయన పాత తొడుగులు గుట్టగా పోసుకుని కునికిపాట్లు పడుతున్నాడు. గుట్ట అంచున నల్లటి ప్లాస్టిక్ మెరిసింది. ఆర్డిత్ తొడుగులు పక్కకు జరిపింది. చేతిలోకి తీసుకోకముందే తెలిసింది. లోపలి వైపు, చిన్నది అని తెలిపే అక్షరం అచ్చొత్తి ఉంది.

ఓపల్‌ను కేకేయొచ్చు. రెండు బల్లల అవతలే ఉంది, ఎర్ర కోటు కనిపిస్తూనే ఉంది. ఆర్డిత్ నోరు కూడా తెరిచింది. అదే క్షణాన కెండ్రా ఎక్కణ్ణుంచో వచ్చి ఓపల్ భుజం చుట్టూ చేయి వేసి, వంగి చెవిలో ఏదో చెప్పింది. ఓపల్ తల వెనక్కి వాల్చి నవ్వింది. క్లీటస్ పోయిన తర్వాత ఆ నవ్వు ఆర్డిత్ వినలేదు.

ఆమె నోరు మూసుకుంది. ముసలాయన్ను తట్టి లేపి, అడిగినంత చేతిలో పెట్టి, చొక్కాను చేతిసంచీ అడుగున, రుమాలు కింద తోసేసింది.

"ఏమైనా కనబడిందా?" అంది ఓపల్ దగ్గరకొచ్చి.

"తోలు తొడుగులే. అన్నీ బూజు."

గేటు దగ్గర చర్చి ఆడవాళ్ళు పెట్టిన బల్ల మీద చిక్కుళ్ళ కూర, మొక్కజొన్న రొట్టె తిన్నారు. తేలు కుట్టిన దొంగలా ఆర్డిత్ సంచీ ఒళ్ళోంచి దించలేదు. అంత బరువేముంది అందులో అని కెండ్రా మామూలుగానే అడిగితే, గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకున్నట్టు, నా మందులు అని గట్టిగా చెప్పింది. ఓపల్ తన పళ్ళెంలోంచి మాడిన రొట్టె అంచు విరిచి, అడక్కుండానే ఆర్డిత్ పళ్ళెంలో పెట్టింది. ఆర్డిత్‌కు ఆ అంచంటే ఇష్టమని ఆమెకు తెలుసు.

ఆ తర్వాతి రోజుల్లో అది వంటింటి సొరుగులో, గరిటెల వెనక ఉంది. పారేయడానికి చేతులు రాలేదు, ఇవ్వడానికి నోరు రాలేదు. ఇవ్వాలంటే ఎక్కడిదని అడుగుతారు. ఇంట్లో పాత డబ్బాలో దొరికిందని చెబుదామా అనుకుంది. అప్పుడు తనే కాపాడినట్టవుతుంది, కెండ్రా ఫోన్లన్నీ వృథా అవుతాయి. ఆ ఊహ తీపిగా ఉంది. అంత తీపిగా ఉన్నందుకే భయమేసింది.

ఓపల్ బొటనవేలి మొదలు కమిలి వాచింది. వంకరగా పట్టుకుని పట్టుకుని వచ్చిన వాపు. ఒక బుధవారం రేంజ్‌కు రాలేదు. ఆర్డిత్ రోల్స్ పట్టుకుని ఇంటికే వెళ్ళింది. ఓపల్ చేతిని మంచు సంచీ మీద పెట్టుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చుని ఉంది. పక్కనే బట్టమీద పిస్టల్, ఖాళీగా, తెరిచి.

తుపాకి ఎల్వుడ్‌కు తిరిగి ఇచ్చేద్దామనుకుంటున్నానని చెప్పింది. కెండ్రా చూపిన కొత్తది తీసుకో అని ఆర్డిత్ అనలేకపోయింది. కానీ ఓపల్ కొత్తదీ వద్దంది. "తుపాకి తప్పేం లేదే. నువ్వు మంచిదే ఎంచావు. నా చేతులే పనికిరావు. కేకులకు సరిపోయాయి, అంతే. క్లీటస్ అనేవాడుగా." అని చేతులు రెండూ తిప్పి చూసుకుంది, అవేవో పరాయివాళ్ళవైనట్టు.

ఆ చేతులు. మంచులో పిల్లలందర్నీ లోపలికి తోసిన చేతులు. తను ఎన్నేళ్ళు వేసినా వేయలేనంత బిగువుగా గుంపు వేసిన చేతులు. ఆర్డిత్ కోరుకున్నది ఓపల్ తన మీద ఆనుకోవాలని. ఆమె తన చేతుల మీదే నమ్మకం పోగొట్టుకోవాలని కోరుకోలేదు. కానీ రెండూ ఒకే విత్తులోంచి మొలిచాయి.

ఆర్డిత్ లేచి, వాగు దాటి ఇంటికెళ్ళి, వచ్చింది. బల్ల దగ్గర కూర్చుని ఓపల్ పిస్టల్ విప్పింది. పైభాగం తీసి, పిన్ను తోసి, ఉక్కు యంత్రాన్ని మధ్యరకం చొక్కాలోంచి ఊడదీసి చిన్నదాన్లోకి దించింది. పిన్ను టిక్కుమని కూర్చుంది. పైభాగం ఎక్కించి, ఖాళీగా ఉందని రెండుసార్లు చూసి, ఓపల్ వైపు జరిపింది.

ఓపల్ పట్టుకుంది. చూపుడువేలు ట్రిగ్గర్ మీద నిండుగా, మొదటి కణుపు దాకా పడింది. బల్ల వైపు కాకుండా, కొండవైపు గోడకు పెట్టి నిదానంగా నొక్కింది. గురి ఇటూ అటూ కదల్లేదు.

"ఎక్కడిదే ఇది?"

పాత డబ్బాలో దొరికిందన్న మాట నాలుక చివరే ఉంది. ఆర్డిత్ దాన్ని కక్కలేదు, మింగేసింది.

"సంతలో."

"ఏ సంతలో?"

"మనం వెళ్ళిన సంతలోనే. గోడవార బల్ల మీద."

మంచు సంచీ కరిగి బల్లమీదకు నీళ్ళు పాకాయి. ఓపల్ తుడవలేదు.

"నేను ఇన్నాళ్ళూ ఈ చెయ్యి చూసుకుని ఏడుస్తుంటే, నీ ఇంట్లో పెట్టుకుని కూర్చున్నావా?"

ఎందుకని అడిగింది ఓపల్. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆర్డిత్ నేల చూస్తూ, ఆ పిల్ల నీ భుజం మీద చెయ్యి వేసింది అంది. బయటికి వచ్చాక ఆ మాట ఎంత చిన్నదో ఆమెకే వినబడింది. అరవై ఏడేళ్ళ మనిషి నోట, బడి పిల్ల మాట.

"క్లీటస్ కూడా నన్ను ఇంత కాపలా కాయలేదే," అంది ఓపల్. ఆమె గొంతులో నవ్వు లేదు. "వాడు పోయాడు. వాడి కుర్చీలో నువ్వొచ్చి కూర్చుంటానంటే కుదరదు. నాకు నువ్వు కావాలి. ఆ పిల్లా కావాలి. ఇంకెవరైనా కలిస్తే వాళ్ళూ కావాలి. ఇన్నేళ్ళు ఒక వంటింట్లో ఉన్నాను, ఇక చాలు."

తర్వాత పిస్టల్ బట్టలో చుట్టి, వాచిన చేత్తోనే తలుపు తీసి పట్టుకుంది. ఆర్డిత్ గుమ్మం దాటుతుంటే ఒక్కమాట చెప్పింది. కెండ్రా ఊరూరికీ ఫోన్లు చేసింది, ఆమెకు నువ్వే చెప్పాలి, నేను చెప్పను. చెప్పాకే బుధవారం సంగతి.

శనివారం రేంజ్‌లో కెండ్రా గురి కాగితాలు అట్టలకు గుచ్చుతోంది. ఆర్డిత్ దగ్గరకెళ్ళి, ఎవరూ లేనప్పుడు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సంత, రుమాలు, గరిటెల సొరుగు. ముఖం మీద కొట్టినట్టు తిడితే బాగుండుననిపించింది. కెండ్రా గుండుసూదులు పళ్ళ మధ్య పెట్టుకుని వింటూ, ముఖం ఎర్రబడి, చివరి అట్ట దాకా గుచ్చింది.

"ఆ పెన్సిల్వేనియా ముసలాయన నా మీద అరిచాడు తెలుసా, మిస్ ఆర్డిత్. నాలుగోసారి ఫోన్ చేశానని." ఊపిరి వదిలింది. "నాకు కోపంగా ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది. అయినా నా గుంపులో ఎనిమిదిమంది ఉన్నారు, నాకు రెండే చేతులు. ఆ చివరి బల్ల దగ్గర కొత్తావిడ వచ్చింది, అన్నగారి తుపాకి ఎరువు తెచ్చుకుంది, పిడి చుట్టూ వేళ్ళే చేరడం లేదు. మీ కంటికి తెలుస్తుంది. చూడండి."

అలా ఆర్డిత్, కౌంటీలో కప్పులన్నీ గెలిచిన మనిషి, పళ్ళు గీకే పిల్ల చెప్పిన బల్ల దగ్గరకెళ్ళి నిలబడింది. కొత్తావిడ పేరు ట్వైలా, పెట్రోలు బంకులో పనిచేస్తుంది. ఆర్డిత్ ఆమె వేళ్ళు తన అరచేతికి ఆనించి కొలిచింది. ఈ తుపాకి నీది కాదమ్మా, దీంతో నేర్చుకుంటే దీని జబ్బే అంటుతుంది, ముందు చేతికి తగ్గది చూద్దాం అని చెప్పింది.

నాలుగు బల్లల అవతల ఓపల్, ఆమె వెనక కెండ్రా. కెండ్రా వంగి ఓపల్ మోచేతిని రెండు వేళ్ళతో కాస్త పైకెత్తింది. సరిగ్గా ఆర్డిత్ ఎత్తే చోటే, ఎత్తే తీరే. అదే కుంపటి, అదే నిప్పు. ఏమీ చల్లారలేదు. చెబితే పోతుందనుకుంది గాని పోలేదు. నా బుధవారపు మోచేయి అది, అనుకుంది.

ఓపల్ పేల్చింది. నిదానంగా, ఒకదాని వెనక ఒకటి, క్రీముతో అంచు పెట్టినట్టు. అందరూ ఖాళీ చేసి, తెరిచి, బల్లల మీద పెట్టి వెనక్కి జరిగాక, ముందుకెళ్ళొచ్చని కెండ్రా అరిచింది.

ఆర్డిత్ కళ్ళు ఓపల్ మీదే ఉన్నాయి. ఇప్పుడు తిరిగి ఎవరి వైపు చూస్తుంది? కెండ్రా వైపా, ఇటువైపా? ఊపిరి బిగబట్టి చూసింది, పోటీలో ఆఖరి తూటాకు బిగబట్టినట్టు.

ఓపల్ ఎవరి వైపూ తిరగలేదు. చెవి మూతలు మెడ మీదకు లాక్కుని, గడ్డిలో గబగబా నడిచి అట్ట దగ్గరకెళ్ళింది. ఎడమవైపు ఏమీ లేదు. నడిమధ్యలో చుట్టలా పడ్డ చిల్లుల మీద కమిలిన బొటనవేలు పెట్టి, ఒక్కొక్కటే తడుముతూ, అక్కడే చాలాసేపు నిలబడింది. కెండ్రా పిలిచినా వినలేదు.

"నేను సరిగ్గానే పట్టుకున్నానా?" అని ట్వైలా, పట్టు ఎలా వేసిందో ఉత్త చేతులతో చూపిస్తూ, ఇంకోసారి అడిగింది.

"ఏదీ, చూడనీ," అంది ఆర్డిత్, అటే చూస్తూ.